సూపర్‌చార్జరూ, మూడు కూతలూ

2013 సెప్టెంబరు 14, శనివారం. ఉదయం ఎనిమిదిన్నరకి, రెండో పెసరట్టు పళ్ళెంలో పడుతుండగా, కారుకి సూపర్‌చార్జర్ పెట్టించాలని ఉందని మా ఆయన ప్రకటించారు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన తన కోసమని నోరు తెరిచి అడిగినవి లెక్కపెట్టడానికి రెండు వేళ్ళు చాలు. మొదటిది ఆ కారు. రెండోది ఇది. అందుకే తేదీతోపాటు వేళ కూడా రాసిపెట్టుకున్నాను.

కారు సంగతి ముందు చెప్పాలి. అంతకు ముందు ఏడాది, యాభై రెండు నిండిన వసంతంలో, ఆయన దాన్ని కొన్నారు. రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్లు, ముదురు నీలం రంగు. ఇలాంటి వాటిని ఇక్కడ అమెరికాలో మజిల్ కార్ అంటారు. పేరుకు తగ్గట్టే కండలు తిరిగిన బండి. వెనక సీట్లలో బియ్యం బస్తా పడుతుంది కానీ మనిషి పట్టడు. మేముండే బెంటన్‌విల్‌లో మా తెలుగువాళ్ళందరూ మినీవ్యాన్లలోనో, పేచీపెట్టని జపాన్ కార్లలోనో తిరుగుతారు. కొత్తగా కాపురానికి వచ్చిన ఒకమ్మాయి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, గరాజ్‌లో దాన్ని చూసి, "ఆంటీ, ఇది మీ అబ్బాయిదా?" అని అడిగింది.

"మాకు అబ్బాయి లేడమ్మా. ఒక్కతే అమ్మాయి, డాలస్‌లో జాబ్ చేస్తోంది."

"మరి ఈ కార్?"

"అంకుల్‌ది."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. ఆయన మాత్రం ఏమీ అనుకోకుండా, "ఒక రౌండ్ వేద్దామా అమ్మా?" అన్నారు.

సూపర్‌చార్జర్ అంటే ఏమిటో ఆ శనివారం నాకు వివరంగా చెప్పారు. ఇంజిన్‌కి పెట్రోలుతోపాటు గాలీ కావాలి. మామూలుగా అది తనకు కావలసిన గాలి తనే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జర్, ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతూ, కొలిమిలోకి తిత్తి ఊదినట్టు గాలిని బలవంతంగా లోపలికి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే బలం ఎక్కువ. నాలుగు వందల పన్నెండు హార్స్‌పవర్ ఉన్నది ఆరు వందలు దాటుతుంది. పని చేస్తున్నప్పుడు అది సన్నగా, పై స్థాయిలో ఒక కూత పెడుతుందట. ఆ కూత కోసమే దాన్ని పెట్టించుకునేవాళ్ళు ఉన్నారట.

"ఇప్పుడున్న స్పీడ్ చాలడంలేదా?" అన్నాను.

"స్పీడ్ కోసం కాదోయ్."

"మరెందుకు?"

ఆయన పెసరట్టు అంచు తుంచి, అల్లం చట్నీలో ముంచి, నమిలి, మింగి, "ఊరికే," అన్నారు.

నేను ఒక ట్రక్కుల కంపెనీలో జమాఖర్చులు చూస్తాను. ఏ ఖర్చుకైనా మా దగ్గర ఒక పద్దు ఉంటుంది. టైరు పగిలితే ఒకటి, డ్రైవరు పస్తుండకుండా తిన్న శాండ్‌విచ్‌కి ఒకటి. 'ఊరికే' అన్న పద్దు లేదు. అయినా కొట్టిపారేయబుద్ధి కాలేదు. ఒక కాగితం తీసి, మధ్యలో నిలువుగా గీత గీసి, ఒకవైపు 'పెట్టించాలి' అనీ, ఒకవైపు 'వద్దు' అనీ రాశాను. 'వద్దు' వైపు నాలుగు నిమిషాల్లో నిండింది: సామానుకీ బిగింపుకీ కలిపి తొమ్మిది వేల చిల్లర డాలర్లు, ఇంజిన్ మీద కంపెనీ వారంటీ పోవచ్చు, పెట్రోలు ఎప్పుడూ పై రకమే పోయించాలి, ఇన్సూరెన్స్ పెరుగుతుంది, ఆయనకి ఇప్పటికే స్పీడింగ్ టికెట్ ఒకటి ఉంది. 'పెట్టించాలి' వైపు, మరేమీ తోచక, ఆయన అన్న మాటే రాశాను: ఊరికే.

అక్టోబరు నెలాఖరుకల్లా ఏదో ఒకటి తేల్చాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఆ రోజుల్లోనే మా ఇంట్లో పప్పు అడుగంటడం ఎక్కువైంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేనూ అనుకున్నాను కానీ, నేననుకున్న సంబంధం వేరు.

శని, ఆదివారాలు ఉదయం నేను కుక్కర్ పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళతాను. స్నానం, పూజ ముగిసేసరికి ముప్పావుగంట. "మూడు కూతలు రాగానే ఆపండి," అని చెప్పి వెళ్ళడం పెళ్ళైన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. తెలుగు మగవాడికి వంటింట్లో అప్పజెప్పే మొదటి ఉద్యోగం అదే. చాలామందికి ఆఖరిదీ అదే. మా ఆయన ఆ ఉద్యోగం పాతికేళ్ళు మచ్చ లేకుండా చేశారు. ఆ ఏడాది వేసవి నుంచి మాత్రం, నేను తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి, మాడువాసన ఎదురొచ్చేది. పొగ అలారం మోగుతుందన్న భయంతో పొయ్యి మీది ఫ్యాన్ గురగురమంటూ తిరుగుతుండేది. ఆయన భోజనాల బల్ల దగ్గర, లాప్‌టాప్‌లో ఎవరో సూపర్‌చార్జర్ బిగిస్తున్న వీడియోలో మునిగి ఉండేవారు.

"మూడు కూతలన్నానా లేదా?"

"మూడు రాలేదోయ్. ఒకటే వచ్చింది. ఒట్టు."

"ఒక్క కూతకే కందిపప్పు బొగ్గవుతుందా?"

"నీ కుక్కర్ ముసలిదైపోయింది. నన్నంటావేం?"

ఆయన అబద్ధమాడరు. అందుకని నేను కుక్కర్‌ని అనుమానించాను. గాస్కెట్ మార్చాను. పప్పు మాడింది. వెయిట్ మార్చాను. మళ్ళీ మాడింది. చివరికి డాలస్‌లో మా అమ్మాయి దగ్గర నాలుగు రోజులుండి, వస్తూ వస్తూ కొత్త కుక్కరే కొనుక్కొచ్చాను. దాన్ని చంకన పెట్టుకుని ఇంట్లో అడుగుపెట్టేసరికి, హాల్లో పొగ అలారం, బ్యాటరీ అయిపోయి, నిమిషానికోసారి కిచుమంటోంది.

"ఎప్పటినుంచీ ఇలా అరుస్తోంది?" అన్నాను.

"ఏది?" అన్నారాయన.

మనసంతా ఆ కారు మీదే ఉంది, ఇల్లు తగలబడినా తెలియదు ఈయనకి అనుకుని, కుర్చీ ఎక్కి నేనే బ్యాటరీ మార్చాను. రోజూ పెట్రోలు ధర కూడా రాసుకునే నా డైరీలో, ఆ వేసవి పప్పు గురించి ఒక్క ముక్క లేదు. పప్పు మాడడం రాసుకోదగ్గ విషయమని తోచలేదు.

ఆదివారం సాయంత్రాలు అమ్మాయి ఫోన్ చేసేది. అది ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది కానీ, 'త'కి బదులు 'ట' పలుకుతుంది. "నాన్నా, టిన్నావా?" అని అది అడిగితే, ఆయన "ఆఁ, బాగానే ఉన్నాంరా," అని, ఫోన్ నా చేతిలో పెట్టేసేవారు. "నువ్వు మాట్లాడు. దాని యాస నాకు అంతుపట్టదు," అని పక్కకు తప్పుకునేవారు.

"అమ్మా, నాన్న నా మీద యాంగ్రీగా ఉన్నాడా?" అని సెప్టెంబరు చివర్లో అది అడిగింది.

"లేదే. ఎందుకలా అంటావు?"

"నేను ఏం చెప్పినా లిసన్ చేయడు. వెంటనే నీకు ఇచ్చేస్టాడు. నాటో మాట్లాడటం ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోవడమేమిటి, పిచ్చిదానా! కారు గొడవలో ఉన్నారు," అన్నాను. మాటైతే అన్నాను కానీ, ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ కారు మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

అక్టోబరు 12, శనివారం మధ్యాహ్నం, సూపర్‌చార్జర్ సంగతి స్వయంగా చూసి తేల్చుకుందామని బయలుదేరాం. ఆయన ఆఫీసులో పనిచేసే ఒక వరంగల్ అబ్బాయి, ముప్పై రెండు ముప్పై మూడేళ్ళవాడు, అలాంటి కారుకే సూపర్‌చార్జర్ బిగించుకున్నాడు. మమ్మల్ని అన్నా, అక్కా అంటాడు. అతని అపార్ట్‌మెంట్ ముందు కారు కడిగి, తుడిచి, పెళ్ళికూతురిని చూపించేవాళ్ళలా నిలబడి ఉన్నాడు.

"అక్కా, మీరు ఎన్కకు కూసోండ్రి, జర ఇరుకుంటది. అన్నా, నువ్వు ముంగట కూసో. ఇగ సూడు, ఈ సౌండ్ ఇన్నంక మళ్ళ పాటలు ఇనబుద్ధి గాదు."

"దీని మీద ఎంతైందో అది ముందు చెప్పు తమ్ముడూ," అన్నాను, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని.

"అక్కా, మీరు లెక్కలు తర్వాత రాసుకోండ్రి. పైసల ముచ్చట నా పెండ్లాం ముంగట అస్సలే తియ్యకుండ్రి."

ఊరు దాటి, సరస్సు వైపు వెళ్ళే రోడ్డు ఖాళీగా దొరకగానే అతను యాక్సిలరేటర్ నొక్కాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఇంజిన్ గర్జన మీదుగా మరో శబ్దం పుట్టింది. సన్నగా మొదలై, తీగలా సాగి, పైపైకి పాకి, పక్కింట్లో మిక్సీలో కొబ్బరి రుబ్బుతున్నట్టు చెవుల్లో దిగబడింది. అతను కాలు తీశాడు. శబ్దం జారి, ఆగిపోయింది.

అప్పుడు మా ఆయన ఎంతో మర్యాదగా, "కూత ఎప్పుడొస్తుంది తమ్ముడూ?" అని అడిగారు.

ఆ అబ్బాయి స్టీరింగ్ మీద కొట్టి మరీ నవ్వాడు. "అన్నా, మస్తు జోకులేస్తవ్ నువ్వు! సరే, ఇంకోపారి ఇను." మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అదే మిక్సీ. ఈసారి నేను రోడ్డు చూడలేదు. మా ఆయన అరచేతిని డ్యాష్‌బోర్డు మీద ఆనించి, జ్వరం చూస్తున్నవాడిలా, తల కొంచెం వంచి, ఎదురుచూస్తున్నారు. శబ్దం పెరిగింది, తగ్గింది, ఆగింది. ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఆ అబ్బాయి తిరిగి చూసేసరికి గబుక్కున నవ్వి, "బ్రహ్మాండం," అన్నారు.

కొత్త కుక్కర్ గుర్తొచ్చింది నాకు. కుర్చీ ఎక్కి మార్చిన బ్యాటరీ గుర్తొచ్చింది. "దాని యాస అంతుపట్టదు" అన్న మాట గుర్తొచ్చింది.

తిరుగుదారిలో మా కారు ఆయనే నడిపారు. ఇంటి ముందు ఆపి, ఇంజిన్ ఆపకుండా కూర్చున్నారు. ఆ ఇంజిన్ నిలకడగా ఉన్నప్పుడు చేసే శబ్దం గొంతులోంచి కాక పొట్టలోంచి వచ్చినట్టుంటుంది.

"ఏవండీ," అన్నాను, "కుక్కర్ కూత మీకు వినిపిస్తోందా?"

ఆయన గరాజ్ తలుపు వైపే చూస్తున్నారు. ఈ ప్రశ్న కూడా వినబడలేదేమోనని మళ్ళీ అడగబోయాను.

"నీ మాట వినిపించింది," అన్నారు. "కూత వినిపించడం లేదు."

"ఎన్నాళ్ళనుంచి?"

"తెలీదోయ్. ఒక్కరోజులో పోయేది కాదుగా. స్టవ్ దగ్గర నిలబడితే వెయిట్ లేవడం కనిపిస్తుంది, చూసి లెక్కపెట్టేవాణ్ణి. వచ్చి కూర్చున్నానా, ఇక పోయినట్టే."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు డైరీలో రాస్తావు. నువ్వు రాశావంటే ఇక ఖాయమైపోయినట్టేగా."



"మరి ఈ సూపర్‌చార్జర్?"

"ఆ వీడియోల కింద అందరూ రాస్తారు, ఆ కూతకి చెవులు గింగిర్లెత్తిపోతాయని. అంత పదునైనదైతే నాకూ వినబడుతుందేమోనని..." ఆగి, స్టీరింగ్ అంచు బొటనవేలితో రుద్దారు. "ఈ బండి ఒక్కటే నాతో గొంతు పెంచకుండా మాట్లాడుతుందోయ్. ఇదే ఇంకో మాట కూడా చెబితే బాగుండునని."

"తొమ్మిది వేలు పోసి చెవి పరీక్షా!" అన్నాను. ఆయన పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గేరు మీద ఉన్న ఆయన చేతి మీద చెయ్యి వేశాను. అది ఇంజిన్‌తోపాటు సన్నగా అదురుతోంది.

ఆ సాయంత్రం ఆ కాగితం తీసి, 'వద్దు' వైపున్నవన్నీ కొట్టేశాను.

"ఇదేంటి?" అన్నారు ఆయన.

"పెట్టించుకోండి. కానీ ముందు చెవులు, తర్వాత కారు."

చెవుల పరీక్ష నవంబరు మొదటి వారంలో దగ్గర్లోని ఫాయెట్‌విల్‌లో జరిగింది. పరీక్ష చేసినావిడ ఒక కాగితం మా ముందు పెట్టింది. ఎడమ నుంచి సమంగా సాగిన గీత, సగం దాటాక, కొండ అంచు నుంచి దిగినట్టు జారిపోయింది. మందమైన శబ్దాలు ఎడమవైపు, సన్నవి కుడివైపు. కారణం వయసు కావచ్చు, వంశం కావచ్చు, రెండూ కావచ్చు అంది. పోయింది తిరిగి రాదు కానీ, యంత్రాలు పెట్టుకుంటే చాలావరకు వినబడుతుంది అంది. ఆవిడ వాటి నమూనాలు తేవడానికి వెళ్ళినప్పుడు, మా ఆయన ఆ కాగితం మీద వేలుపెట్టి నాకు దారి చెబుతున్నవాడిలా చెప్పారు.

"ఇదిగో, మన కారు ఇక్కడుంది." వేలు ఎడమ చివర ఉంది. "నువ్వు ఇక్కడ." మధ్యలో, గీత ఇంకా పైనే ఉంది. "కుక్కర్ అదిగో, ఆ లోయలో పడిపోయింది." వేలు వెనక్కి వచ్చి, గీత జారడం మొదలైన చోట ఆగింది. "అమ్మాయి ఇక్కడోయ్. సగం సగం."

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాని మీద ఆయన వేలు ఆగిన చోట నేను పెన్సిలుతో ఏ గుర్తూ పెట్టలేదు. పెట్టకపోయినా నాకు తెలుస్తుంది.

యంత్రాలకు ఇన్సూరెన్స్ వర్తించదన్నారు. ఆరు వేల పైచిలుకు అయింది. ఆ పద్దు రాయడానికి నేను వెనకాడలేదు కానీ, ఆయన పదిరోజులు వెనకాడారు.

"చెవుల్లో అవి పెట్టుకుంటే ముసలాడిలా కనిపిస్తాను."

"నెలకోసారి మీ జుట్టుకి రంగు వేసేది నేను. మీరెలా కనిపిస్తారో నాకు చెప్పకండి."

చివరికి ఒప్పుకుని, వాటికి 'చెవి సూపర్‌చార్జర్లు' అని పేరు పెట్టుకున్నారు. ఇంజిన్‌లోకి గాలి కుక్కినట్టు చెవుల్లోకి శబ్దం కుక్కుతాయి కనుక పేరు బాగానే కుదిరింది. మొదటి రోజంతా ఫిర్యాదులే. కూరగాయల కాగితం సంచీ ఉరిమినట్టుందన్నారు. ఫ్రిజ్ ఎందుకు ఏడుస్తోందన్నారు. రాత్రి నేను గిన్నెలు సర్దుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"నీ గాజులు ఇంత మోత చేస్తాయా?"

"ఇరవై ఆరేళ్ళనుంచీ."

"తీయకు," అన్నారు. "ఊరికే అడిగాను."

డిసెంబరు 21, శనివారం, మాట ప్రకారం మళ్ళీ ఆ వరంగల్ అబ్బాయి కారెక్కాం. అతనికి ఈలోగా సంగతి చెప్పాను. వెనకటి నవ్వు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. "అన్నా, నాకు ఎర్కలేదే. నిజంగ జోకనుకున్న," అని పదిసార్లు అన్నాడు. అదే రోడ్డు, ఆకులు రాలిపోయి సరస్సు దూరం నుంచే కనబడుతోంది. అతను నొక్కాడు. కూత లేచింది. మా ఆయన ఈసారి డ్యాష్‌బోర్డు ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. కూత దిగిపోయాక కళ్ళు తెరిచి, "ఇదా!" అన్నారు.

"ఎట్లుందన్నా?"

"బాగుంది తమ్ముడూ. మా కుక్కర్ మూడో కూత ముందు ఇలాగే అంటుంది."

"అన్నా! తొమ్మిది వేల డాలర్లు వెట్టిన. కుక్కర్ అంటవా?"

"కుక్కర్‌ని తక్కువ చేయకు. ఈ ఏడాది మేం మూడు మార్చాం."

"ఒకటే," అని వెనక నుంచి సరిదిద్దాను. "మిగతావి గాస్కెట్టూ వెయిటూ."

"చూశావా? మీ అక్క దగ్గర లెక్క తప్పడానికి లేదు."

ఇంటికి వస్తూ ఆయన రేడియో పెట్టలేదు. కిటికీ అరంగుళం దించి, చలిలో, మా బండి శబ్దం వింటూ నడిపారు. ఇంటి మలుపు తిరిగాక, "వద్దులే," అన్నారు.

"డబ్బు గురించైతే ఆలోచించకండి. నేను సర్దాను."

"డబ్బు కాదు. ఆ కూత లేచాక కింద ఇంజిన్ గొంతు వినబడలేదు, గమనించావా? అన్నీ దూరమైపోతున్నప్పుడు నాతో ఉన్నది ఆ గొంతే కదోయ్. ఇప్పుడు దాని నెత్తిన ఇంకొకదాన్ని తెచ్చి కూర్చోబెట్టడం..." వాక్యం పూర్తి చేయకుండానే కారు గరాజ్‌లోకి ఎక్కించారు.

కాగితం తీసి, అడుగున 'పెట్టించలేదు' అని రాసి, తేదీ వేశాను. 'ఊరికే' అన్న మాటను కొట్టేయలేదు.

మర్నాడు ఆదివారం. కుక్కర్ పొయ్యి మీద పెట్టి, చెప్పవలసింది చెప్పి స్నానానికి వెళ్ళాను. పూజ దగ్గర కూర్చుని ఉండగా హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. అమ్మాయికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టారు. అది సాయంత్రం చేసే పిల్ల. పొద్దున్నే నాన్న నంబరు చూసి హడలిపోయింది.

"నాన్నా? ఏమైంది? అమ్మ ఓకేనా?"

"అందరం ఓకేనే. ఊరికే చేశాను."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. తిన్నావా?"

"ఇంకా టినలేదు నాన్నా."

"ఏమన్నావ్? మళ్ళీ అను."

"టినలేదు."

"టినలేదా!" ఆయన నవ్వు ఇల్లంతా నిండింది. "ఓసి నీ... నువ్వు 'త'ని 'ట' అంటావుటే? ఎప్పటినుంచీ?"

"ఆల్వేస్! చిన్నప్పటి నుంచీ! నువ్వు ఎప్పుడూ లిసన్ చేయలేదు!"

"ఇప్పుడు చేస్తున్నాగా. ఏదీ, 'తాత' అను."

"టాటా."

వంటింట్లో మొదటి కూత వచ్చింది. రెండోది వచ్చింది. గంట పక్కన పెట్టి చెవి ఒగ్గాను. మూడోది లేచినప్పుడు, అమ్మాయి ఏదో చెబుతూ ఉంది. ఆయన మాట ఆపకుండానే వంటింటి వైపు తల తిప్పి, మళ్ళీ ఫోన్ వైపు తిప్పుకోవడం గుమ్మంలోంచి నాకు కనబడింది. విన్నారు. లేవలేదు.

నేనే వెళ్ళి ఆపాను.